గేటు గంటా, నలభై ఒకటో రోజూ

2025 మార్చి నాలుగో తేదీ, మంగళవారం, ఉదయం ఆరు గంటల పది నిమిషాలకి కుక్కని తీసుకుని మూడో అంతస్తులో మా ఇంటి గడప దాటాను. లెక్క అక్కడ మొదలైంది. బుధవారం నుంచి మొదలుపెట్టమని అపార్ట్‌మెంటు సెక్రటరీ ముందురోజు సాయంత్రం సలహా ఇచ్చాడు. "మంగళారం ఎవలూ ఏదీ మొదలెట్టరు పిన్నీ" అన్నాడు. మంగళవారం నాకు ఏ అపకారమూ చెయ్యలేదని చెప్పాను.

మా అపార్ట్‌మెంటు కంచరపాలెంలో, రైలు పట్టాలకి ఆరు నిమిషాల నడక దూరంలో ఉంది. కింద పార్కింగు, పైన మూడు అంతస్తులు, పన్నెండు ఇళ్ళు. నేను ఒక్కదాన్నే ఉంటాను. నాకు డెబ్బై రెండేళ్ళు. అందులో ముప్ఫై మూడేళ్ళు ఒక ఫౌండ్రీ టైమ్ ఆఫీసులో గడిచాయి. ఎవరు ఎన్నింటికి లోపలికి వచ్చారు, ఎన్నింటికి బయటికి వెళ్ళారు, ఎవరికి లేటు మార్కు పడింది అన్నది రాయడమే నా పని. ఉద్యోగం మానినా రాయడం మానలేదు.

కుక్క నాది కాదు, మా తమ్ముడిది. వాడు రైల్వేలో గేటు కీపరుగా పనిచేశాడు. ఊరికి ఉత్తరాన ఒక చిన్న గేటు, పక్కన ఒక గది, ఆ గదిలో వాడు, గది ముందు ఈ కుక్క. పెళ్ళి చేసుకోలేదు. రిటైరయ్యాక ఆ గేటుకి దగ్గరలోనే గది అద్దెకి తీసుకున్నాడు. జనవరి పంతొమ్మిది, ఆదివారం, నేను గుడిలో ఉండగా (చర్చిని మేం గుడి అనే అంటాం) ఫోను వచ్చింది. ఛాతీ నొప్పి అన్నారు. నేను వెళ్ళేసరికి లేడు. ఇరవై రెండో తేదీన కుక్కని ఆటోలో మా ఇంటికి తెచ్చాను. ఆడ కుక్క, ఏడేళ్ళది, మామూలు ఊరకుక్క, ఎర్రమట్టి రంగు. దానికి పేరుంది. ఇందులో ఎవరి పేరూ రాయడం లేదు గనక దాని పేరూ రాయను.

వచ్చిన దగ్గర నుంచి దానితో ఒకటే కష్టం. వీధిలో ఎంతసేపు తిప్పినా ఏమీ చేసేది కాదు. రెండేసి రోజులు బిగబట్టుకుని చివరికి చెయ్యకూడని చోట చేసేది. ఫిబ్రవరి ఆరున లిఫ్టులో. పదిహేనున పార్కింగులో అపార్ట్‌మెంటు ట్రెజరరు మోటారు సైకిలు పక్కన. మార్చి ఒకటిన రెండో అంతస్తులో ఒకావిడ గుమ్మం ముందున్న కాళ్ళు తుడిచే పట్టా మీద. ఆవిడా నేనూ ఒకే గుడికి వెళతాం. అప్పటికి ఇరవై రెండేళ్ళుగా ప్రతి ఆదివారం ఆరాధన అయ్యాక వాళ్ళింట్లో టీ తాగుతున్నాను. మూడో ఫిర్యాదు ఆవిడదే.

మార్చి మూడు, సోమవారం, సాయంత్రం ఏడింటికి పార్కింగులో మీటింగు పెట్టారు. సెక్రటరీకి యాభై ఏళ్ళుంటాయి. వాళ్ళది శ్రీకాకుళం వైపు వ్యవసాయ కుటుంబం. అతను ఇక్కడ లారీ ట్రాన్స్‌పోర్టు ఆఫీసులో పనిచేస్తాడు. మనిషి మంచివాడే గాని తీర్పు చెప్పడమంటే సరదా ఎక్కువ.

"మీరంటే మాకందరికీ గౌరవం పిన్నీ. కానీ మీ కుక్క లిఫ్టులో బయటికెల్లింది" అన్నాడు.

"లిఫ్టులోనా, బయటికా? ఏదో ఒకటి చెప్పు" అన్నాను.

అతనికి నవ్వొచ్చింది. ట్రెజరరుకి రాలేదు. "నవ్వుతావేటి బావా? అది నా బండి పక్కన ఎల్లింది, నీ బండి పక్కన కాదు గదా. ఆఫీసుకెల్లీదాకా వాసనొత్తూనే ఉంది నాకు."

రెండో అంతస్తు ఆవిడ నా వైపు చూడకుండా మాట్లాడింది. "కుక్కని పెంచొద్దని నేను అనను. పెంచడం తెలిస్తే పెంచమంటాను."

సెక్రటరీ చెయ్యెత్తి అందరినీ ఆపాడు. "ఒక మండలం సూద్దారి. మండలం రోజులూ ఒక్క కంప్లయింటు రాకపోతే కుక్క మీది, ఇంకెవలూ నోరెత్తరు. వచ్చిందనుకోండి, తగరపువలసలో మా మావయ్యకి తోటుంది. కాపలాకి గొలుసేసి ఉంచుతాడు. తిండికి లోటుండదు."

కుక్క నా కాళ్ళ దగ్గర కూర్చుని ఉంది. ఏడేళ్ళలో దాని మెడలో గొలుసు పడలేదు. మా తమ్ముడు వేసింది ఒక పాత పచ్చజెండా గుడ్డ చింపి కట్టిన పట్టీ. ఈ మీటింగు తర్వాత బజారుకి పట్టుకెళ్ళడానికి తాడు కట్టానే గాని గొలుసు కొనలేదు.

"సరే" అన్నాను. నోటుబుక్కు తీసి అక్కడే రాసుకున్నాను. షరతు: మండలం. ఫిర్యాదు ఒక్కటీ రాకూడదు. ఓడితే తగరపువలస.

మర్నాడు లిఫ్టులో కాగితం అంటించారు. "కుక్కలు ఆవరణలో బయటికి వెళ్ళరాదు" అని ఉంది. ఆ వాక్యం పక్కన ఎర్ర పెన్నుతో ప్రశ్న గుర్తు పెట్టాను. ఆవరణలో ఉన్నది బయటికి ఎలా వెళుతుంది, బయటికి వెళ్ళకపోతే ఆవరణలోనే చెయ్యాలి కదా అని ఎవరైనా అడుగుతారేమోనని చూశాను. ఎవరూ అడగలేదు. కాగితం ఇంకా అక్కడే ఉంది. నేనే లిఫ్టులో లేను.

నడక పథకం నాకు తెలిసిన పద్ధతిలో వేశాను. ఎ షిఫ్టు ఉదయం ఆరూ పది. బి షిఫ్టు సాయంత్రం నాలుగున్నర. సి షిఫ్టు ఎనిమిదింటికి. నోటుబుక్కులో ఐదు గడులు గీశాను. తేదీ, వెళ్ళిన టైము, వచ్చిన టైము, దారి, చివరి గడికి "బయటికి" అని పేరు పెట్టాను. అందులో అవును లేదా కాదు, అంతే. టైమ్ ఆఫీసులో పది నిమిషాలు గ్రేసు ఉండేది, ఆరింటి షిఫ్టుకి ఆరూ పది వరకూ వచ్చినవాడికి లేటు మార్కు పడదు. కుక్కకీ పది నిమిషాల గ్రేసు ఇచ్చాను.

మొదటి రోజు బజారు వైపు తీసుకెళ్ళాను. మూడు షిఫ్టులు, మూడు "కాదు"లు. రెండో రోజూ అదే దారి, అవే మూడు. దాన్ని చూస్తే నాకే కడుపు నొప్పి వచ్చింది. మూడో రోజు, గురువారం, బజారు మొగలో నాలుగు వీధికుక్కలు అడ్డం నిలబడి దారి ఇవ్వలేదు. నేను కర్ర ఎత్తితే అవి కదిలేవే. కానీ నా కుక్క వెనక్కి తిరిగి పట్టాల వైపు లాగింది. పోనీలే అని దాని వెనక వెళ్ళాను. ఆరూ ఇరవై ఏడుకి మా వీధి చివర రైల్వే గేటు దగ్గర ఉన్నాం. గంట మొదలైంది. గేటు దిగుతోంది. కుక్క చెవులు నిలబెట్టింది, నా చేతిలోంచి తాడు లాక్కుంది, గేటు గది వెనక ఉన్న మట్టిలోకి నెమ్మదిగా నడిచి వెళ్ళింది. రెండు రోజులది ఒకేసారి చేసింది.

"అవును" అని రాశాను.

నాలుగో రోజు అదే టైముకి అదే చోట నిలబెట్టాను. గేటు తెరిచి ఉంది. ఆరూ యాభై దాకా నిలబడ్డాను. కుక్క గేటు గది తలుపు చూస్తూ కూర్చుంది తప్ప లేవలేదు. అటూ ఇటూ వెళ్ళేవాళ్ళు ఆగి సలహాలు ఇచ్చారు. మా ఊళ్ళో మనుషులతో మాట్లాడేటప్పుడు ఒక మాట ఇంగ్లీషు వాడనివాళ్ళు కూడా కుక్కతో ఇంగ్లీషులోనే మాట్లాడతారు. "గో, బేబీ, గో" అన్నాడు పాల ప్యాకెట్లు వేసే పెద్దమనిషి. కుక్క అతన్ని ఎగాదిగా చూసింది.

ఐదో రోజు, శనివారం, గేటు కీపరే గదిలోంచి దిగి వచ్చాడు. ముప్ఫై ఏళ్ళవాడు. కుక్కని చూసి వంగి పేరు పెట్టి పిలిచాడు. అది తోకతో పాటు నడుమంతా ఊపింది.

"ఇది మా గురువుగారి కుక్క గదండీ! మీరేటవుతారు ఆయనకి?"

"అప్పని" అన్నాను.

"ఆయన దగ్గర నాను ఆర్నెల్లు పన్జేసేనండి. పని నేర్పింది ఆయనే. ఇదేటండి, బయటికెల్లడం లేదా? ఎలా ఎల్తాదండీ, బెల్లు కొట్టందే?" అతను నవ్వాడు. "చిన్నప్పుడు ఇది గేటు పడే టైముకి కాళ్ళకి అడ్డం పడీదండి. ఆయన బెల్లు నొక్కగానే 'ఎల్లవే, ఎల్లు' అని గది వెనక్కి తోలీసీవోరు. అదలా అలవాటైపోనాది. బెల్లు మోగితే దానికి బాత్రూమండి."

ఏడేళ్ళు. అన్నేళ్ళలో వాడింటికి నేను పండగలకీ, పుట్టినరోజులకీ వెళ్ళాను. కూర ఇచ్చాను, కూర్చున్నాను, వచ్చాను. ఈ సంగతి నాకు తెలియదు. నోటుబుక్కులో రాశాను: గంట.

సైకిలు గంట తెప్పించి వీధిలో మోగించాను. అది పక్కకి చూసింది. మొదటి అంతస్తులో సెక్రటరీ భార్య రోజూ ఏడింటికి హారతి గంట కొడుతుంది. ఆ వేళకి కుక్కని వాళ్ళ గుమ్మానికి కొంచెం దూరంలో నిలబెట్టి గుండె పట్టుకుని చూశాను. ఏమీ లేదు. రెండు రకాల గంటలు పరీక్షించి, గేటు గంట తప్ప మరేదీ పనికిరాదని తేల్చుకున్నాను. రెంటితో తేల్చడం తప్పు. అది తర్వాత తెలిసింది.

ఇక గేటు ఎప్పుడు పడుతుందన్నదే ప్రశ్న. మా గేటు పెద్ద లైను మీది కాదు, పోర్టు వైపు వెళ్ళే లైను మీది. నడిచేవి గూడ్సులు. గూడ్సుకి టైము ఉండదు. "స్టేషన్ నించి ఫోనొచ్చినప్పుడే నాకూ తెలుత్తాదండి. అప్పుడు మీకు మిస్డు కాల్ ఇత్తాను" అన్నాడు గేటు కీపరు. వద్దన్నాను. డ్యూటీలో ఉన్నవాడు కుక్క కోసం ఫోను ముట్టుకోకూడదు. మా తమ్ముడైతే ముట్టుకునేవాడు కాదు.

పదకొండు రోజులు గేటు పడిన ప్రతిసారీ టైము రాశాను. నేను వంటింట్లో ఉన్నా గంట వినిపించేలా పట్టాల వైపు కిటికీ తీసి ఉంచాను. పోర్టు వైపు గాలి వీచిన రోజుల్లో గిన్నెల మీద నల్లటి పొడి పడేది. కడుక్కున్నాను. పదకొండు రోజులయ్యాక లెక్క చూస్తే, టైము లేదన్న గూడ్సుకి టైము ఉంది. పొద్దున ఆరూ ఇరవైకీ ఆరూ నలభై ఐదుకీ మధ్య పదకొండింట తొమ్మిది సార్లు గేటు పడింది. సాయంత్రం ఐదూ ఐదుకీ ఐదున్నరకీ మధ్య ఎనిమిది సార్లు. రాత్రి ఎనిమిది తర్వాత మాత్రం ఒక పద్ధతి లేదు. బి షిఫ్టుని నాలుగూ యాభైకి జరిపాను. సి షిఫ్టు ఉత్త షికారుగా ఉంచాను. కొత్త టైము పట్టీ గీసి వంటింటి తలుపుకి అంటించాను. ఇరవయ్యో రోజు నుంచి ముప్ఫై తొమ్మిదో రోజు వరకు ఎ షిఫ్టులో ఒక్క "కాదు" లేదు.

గేటు లేచాక ఒక పని మిగిలేది. కుక్క మట్టిలోంచి తిరిగి వచ్చి గేటు గది తలుపుకి ఎదురుగా కూర్చునేది. బండ్లన్నీ వెళ్ళిపోయేవి, హారన్లు ఆగిపోయేవి, అది మాత్రం ఆ తలుపునే చూసేది. గేటు కీపరు బయటికి వస్తే తోక ఊపేది, అయినా అతని వెనక తలుపు చూసేది. మొదట్లో తాడు లాగాను. తర్వాత లాగలేదు. పది నిమిషాల గ్రేసు దానికి వాడాను. కుక్క పక్కన నిలబడి నేనూ తలుపు చూశాను. ఆ తలుపు మా తమ్ముడిది కాదని ఇద్దరిలో ఒకరికైనా తెలుసు.

నలభయ్యో రోజు ఏప్రిల్ పన్నెండు, శనివారం. ఒక్క ఫిర్యాదు లేదు. రాత్రి పట్టీ కింద గీత గీశాను. గెలిచానని రాయలేదు గాని గీత రెండుసార్లు గీశాను.

మర్నాడు మట్టల ఆదివారం, ఊళ్ళోకి వచ్చిన ప్రభువుకి జనం దారిలో మట్టలు పరిచిన రోజు. తాటిమట్టలు పట్టుకుని, పాడుతూ వీధి మొదటి నుంచి గుడి దాకా ఊరేగింపుగా రావడం మా ఆనవాయితీ. పద్నాలుగేళ్ళుగా స్త్రీల సమాజం కార్యదర్శిని నేనే. పద్నాలుగేళ్ళుగా ఊరేగింపు ఏడున్నరకి. ఈసారి ఎండలని ఐదూ ముప్పావుకి బయలుదేరి ఆరూ పావుకి గుడికి చేరాలని నిర్ణయించారు. ఆ ప్రకటన రాసింది నేను. ఏప్రిల్ ఐదున, నా చేత్తో, గుడి నోటుబుక్కులో. కుక్క నోటుబుక్కులోకి ఎక్కించలేదు. నా బుర్రలో ఏడున్నరే ఉండిపోయింది.

ఆరూ పావుకి ఇంటి చీరలో, రబ్బరు చెప్పులతో, చేతిలో తాడుతో, సంచిలో పాత పేపర్లతో గుడి గేటు ముందు నుంచి పట్టాల వైపు వెళుతున్నాను. ఎదురుగా మలుపులోంచి పాట వచ్చింది. దాని వెనక మట్టలు వచ్చాయి. గేటు ముందు నేలంతా ముందే మట్టలు పరిచి ఉంది. నాకు విషయం అర్థమయ్యేలోగా గుడి లోపల గంట తాడు పట్టుకున్నాయన లాగడం మొదలుపెట్టాడు. ఊరేగింపు గేటు దాటేదాకా ఆపకుండా లాగాలి.

ఆపకుండా మోగే గంట. సైకిలుదీ హారతిదీ నాలుగు మోతలు మోగి ఊరుకున్నాయి. గేటుది ఊరుకోదు. ఇదీ ఊరుకోలేదు.

"ఒసేయ్, ఒద్దే" అన్నాను. కుక్క పరిచిన మట్టల మధ్య శుభ్రమైన చోటు చూసుకుంది. ముందు వరసలో ఉన్న పిల్లలు పాట మానేసి నవ్వారు. మట్ట పట్టుకుని ముందు నడుస్తున్న రెండో అంతస్తు ఆవిడ ఎర్రబడిపోయింది.

"అక్కా! ఇదేటక్కా! మట్టల ఆదివారం పూట, గుడి గుమ్మంలో!"

"నిమిషంలో తీసేస్తాను" అని పేపరు విప్పాను.

"తీసేస్తే అయిపోద్దా? ప్రభువు వచ్చే దారది!"

నేను వంగి ఉన్నాను. మోకాలు పట్టేసింది. అందరూ నా వీపునే చూస్తున్నారు. అప్పుడు అన్నాను. "ఆయన వచ్చింది గాడిద మీద. అది దారిలో ఏం చేసిందో ఎవరూ రాయలేదు. ఎవరో ఎత్తే ఉంటారు."

పాట పూర్తిగా ఆగిపోయింది. పాస్టరు గారికి దగ్గు వచ్చింది. ఆ దగ్గు నవ్వేనని నా అనుమానం. ఆయన పక్కనుంచి నడుస్తూ "వందనాలమ్మా" అన్నారు. మిగతావాళ్ళు అనలేదు. నేను మట్టతో సహా ఎత్తి, పొట్లం కట్టి, సంచిలో పెట్టుకుని ఇంటికి వచ్చాను. ఆ మాట అన్నందుకు ఇప్పటికీ విచారం లేదు. ఎత్తినవాళ్ళ సంగతి ఎవరో ఒకరు అనాలి.

ఆ సాయంత్రం ఏడింటికి మళ్ళీ పార్కింగు. ఫిర్యాదు ఆవిడదే.

"గుడి అపార్ట్‌మెంటు కాదు గదా" అన్నాడు ఎవరో.

"ఒక్క కంప్లయింటు అన్నాం. ఎక్కడని అనలేదు" అన్నాడు సెక్రటరీ. అది నిజం.

"నలభై రోజులు నిన్నటితో అయిపోయాయి" అన్నాను.

"మండలమంటే నలభై ఒకటి పిన్నీ. ఇయాల్టితో అవుతాది."

ఆశ్చర్యంగా ట్రెజరరు నా వైపు వచ్చాడు. "నలభయ్యే బావా. మా అమ్మ మొక్కుకున్నప్పుడు నలభయ్యే సేసింది."

"మాలేసుకున్నప్పుడు నలభై ఒకటి నువ్వే సేత్తావు గదా!"

"అది మాల. ఇది కుక్క."

పది నిమిషాలు అదే వాదన. మూడో ఇంటావిడ తమ తాతగారి ఊళ్ళో నలభై ఎనిమిదని కూడా చెప్పింది. చివరికి సెక్రటరీ నా నోటుబుక్కు వైపు చూశాడు. "పిన్నిగారు ఆరోజు రాసుకున్నారు గదా. ఏటి రాసేరో సదవండి. అదే ఖాయం."

నోటుబుక్కు నా చేతిలో ఉంది. అందులో ఏముందో ఇంకెవరికీ తెలియదు. నలభై అని చదివితే ఎవరూ లాక్కుని చూడరు. ముప్ఫై మూడేళ్ళు వేలమంది హాజరు నా మాట మీద నడిచింది. మార్చి మూడో తేదీ పుట తీశాను.

"మండలం" అని చదివాను. "అంకె వెయ్యలేదు. తప్పు నాది."

కుక్క పార్కింగు స్తంభం పక్కన పడుకుని ఉంది. సెక్రటరీ గొంతు తగ్గించాడు. "అయితే పిన్నీ, మా మావయ్యకి ఫోన్ సేత్తాను. ఆదివారం బండి పంపుతాడు."

"బండి వద్దు" అన్నాను. "నేను పంపను."

"అదేటి, మీరు ఒప్పుకున్నారు గదా?"

"ఒప్పుకున్నాను, తప్పాను. అయినా పంపను. టైమ్ ఆఫీసులో మూడు లేట్లకి అరపూట సెలవు కోసేవాళ్ళం. ఆలస్యంగా వచ్చాడని మనిషిని గొలుసుతో కట్టేసిన రోజు లేదు. నా దగ్గర ఏం కోస్తారో కొయ్యండి. లిఫ్టు కొయ్యండి. కుక్క లిఫ్టులో కాలు పెట్టదు. నేనూ పెట్టను."

"మూడో అంతస్తు పిన్నీ. మీ మోకాళ్ళతోటా?"

"మోకాళ్ళు నావి. మీటింగులో పెట్టకు."

రెండో అంతస్తు ఆవిడ నా మోకాళ్ళ వైపు చూసింది. సెక్రటరీ మినిట్సు పుస్తకం తెరిచి పెన్ను పట్టుకున్నాడు. "ఎన్ని రోజులని రాయమంటారు? ఈసారి అంకెయ్యాల మరి."

"కుక్క ఉన్నన్నాళ్ళు. అంకె దానికి తెలుసు, నాకు తెలియదు."

అలాగే రాశాడు. నేను సంతకం పెట్టి పక్కన టైము వేశాను. ఏడూ నలభై ఎనిమిది. ఆ రోజు సి షిఫ్టుకి బయలుదేరడానికి ఇంకా పన్నెండు నిమిషాలున్నాయి. గుమిగూడిన వాళ్ళ మధ్య నుంచే తాడు పట్టుకుని బయటికి నడిచాను. తిరిగి వచ్చాక లిఫ్టు తలుపు తెరిచే ఉంది. పక్కనుంచి మెట్లెక్కాను.

అంతస్తుకి పద్దెనిమిది మెట్లు, మూడింటికి యాభై నాలుగు. దిగి ఎక్కితే నూట ఎనిమిది. మూడు షిఫ్టులకి రోజుకి మూడు వందల ఇరవై నాలుగు. మొదటి వారం ప్రతి అంతస్తులో ఆగాను. కుక్క నాకంటే రెండు మెట్లు పైన ఆగి వెనక్కి చూసేది. జాలి పడేది అనుకోను. టైము చూసేది.

స్త్రీల సమాజానికి మేలో కొత్త కార్యదర్శిని ఎన్నుకున్నారు. నేను ఓటు వేశాను, కొత్తావిడకే. నోటుబుక్కులన్నీ తేదీల వరసలో కట్టి అప్పగించాను.

అక్టోబరులో తుఫాను పట్టి రెండు రోజులు వీధిలో మోకాల్లోతు నీళ్ళు నిలబడ్డాయి. గేటు దాకా వెళ్ళలేకపోయాను. డాబా మీదకి ఎక్కి, వానలో స్టీలు పళ్ళేన్ని గరిటెతో ఆపకుండా కొట్టాను. పని జరిగింది. ఎత్తి కడిగాను. వాన వెలిశాక సెక్రటరీ మెట్ల మీద ఎదురై, "ఇదేదో బాగుంది గదా పిన్నీ. రోజూ పళ్లెం కొట్టీండి, నడిసే పనుండదు" అన్నాడు. కుదరదన్నాను. పళ్ళేనికి తలుపు లేదు. అతనికి అర్థం కాలేదు, నేను విడమర్చలేదు.

నవంబరులో ఒక పొద్దున రెండో అంతస్తు దాటాక, మెట్ల మలుపులో ఒక ప్లాస్టిక్ స్టూలు కనిపించింది. నీలం రంగుది. ఆ స్టూలు మీద కూర్చుని నేను ఇరవై రెండేళ్ళు టీ తాగాను. ఎవరు పెట్టారని ఎవరినీ అడగలేదు. నేను దాని మీద కూర్చోలేదు. కుక్క కూర్చుంది. రోజూ కూర్చుంటుంది. పది నిమిషాలకి మించనివ్వను.

ఇది 2026 మార్చి మూడో తేదీ రాత్రి, సి షిఫ్టు అయ్యాక రాస్తున్నాను. సరిగ్గా మూడు వందల అరవై ఐదు రోజులు. జరగాల్సిన షిఫ్టులు వెయ్యి తొంభై ఐదు. తుఫానుకి ఆరు, జ్వరానికి మూడు పోయాయి. నడిచినవి వెయ్యి ఎనభై ఆరు. రేపు బుధవారం, ఎ షిఫ్టు ఆరూ పదికే.

ఈ ఏడాదిలో పోయినవి:

లిఫ్టు, మూడు వందల ఇరవై నాలుగు రోజులు.
స్త్రీల సమాజం కార్యదర్శి పదవి, పద్నాలుగేళ్ళది.
ఆదివారం టీలు, నలభై ఏడు.
రబ్బరు చెప్పులు, మూడు జతలు.
నా బరువులో నాలుగు కిలోలు.
ఎడమ మోకాలి వంపు. ప్రార్థన ఇప్పుడు నిలబడి చేస్తున్నాను.
ఒక రోజు, నలభై ఒకటోది. అది ఎవరి లెక్కలోదో ఇంకా తేలలేదు.
తమ్ముడు, ఒక్కడు. అది ఈ ఏడాది లెక్కలోకి రాదు, నలభై నాలుగు రోజుల ముందుది. అయినా వేశాను.